మూడు పొడుగు, రెండు పొట్టి

టామరాక్ పాయింట్,
నవంబరు 21, 1907, గురువారం.

అమ్మకు హాల్వర్ నమస్కారాలు.

‘ఆల్మా వీలర్’ సోమవారం సాయంత్రం నాలుగు కావస్తుండగా మన ఊరికి ఎదురుగా సరస్సులో మునిగిపోయింది. నాన్న బతికాడు. సివర్ట్, రాగ్నా అత్త, నేను క్షేమం. బార్నీ బాబాయి చనిపోయాడు. ఓడలో ఉన్న పదకొండు మందిలో పోయింది ఆయనొక్కడే.

ఉత్తరాన్ని ‘ఇక్కడ అందరం కులాసా’ అని మొదలుపెట్టాలని నువ్వే నేర్పావు. ఈసారి ఆ మాటని పేరు పేరునా విడదీసి రాయాల్సి వచ్చింది. సోమవారం రాత్రి పట్నంలో మా పత్రికాఫీసునుంచి నేను పంపిన టెలిగ్రాంలో ఓడ పోయిందని, నాన్న ఉన్నాడని మాత్రమే చెప్పాను. బెర్గిట్‌కి నెలలు నిండుతున్నాయి. అక్కడ తలుపు తీసి టెలిగ్రాం అందుకునేది నువ్వో చెల్లెలో నాకు తెలియదు. అందుకే బాబాయి సంగతి ఉత్తరానికి ఆపాను.

నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకి జవాబులు చెప్తాను. చలికాలపు అద్దాల తలుపులు సివర్ట్ బిగించాడు, వంటింటిది తప్ప. దానికి అత్త ఒప్పుకోలేదు. “అది మూసేస్తే సరస్సు వినపడదు” అంది. నువ్వు అల్లి పంపిన ఉన్ని మేజోళ్ళు నాన్నకి అందాయి. సోమవారం ఆయన కాళ్ళకి ఉన్నవి అవే. ఇప్పుడు పొయ్యి పక్కన ఆరుతున్నాయి. డీలియా పిన్నికి దగ్గు తగ్గింది.

‘నేను లేనప్పుడు మీ నాన్న ఓడ కూతకి ఎవరు జవాబిస్తున్నారు?’ అని అడిగావు. దానికి జవాబు పొడుగ్గా ఉంటుంది.

మొన్న రైల్లో వస్తున్నంతసేపూ ఆ కూత గురించే ఆలోచించాను. నాన్న ఏ ఓడకి మారినా ఆ కూత వేసే ఆవిరి ఈలని వెంట తీసుకెళ్ళేవాడు కదా. సరస్సు గడ్డకట్టగానే విప్పి ఇంటికి తెచ్చేవాడు. చలికాలమంతా అది వంటింటి అలమర మీద పిండి డబ్బాల పక్కన ఉండేది. ఆదివారాలు బూడిద పెట్టి తోమేవాడు. “గిన్నెలు కూడా ఇంత శ్రద్ధగా తోమితే బాగుండు” అని నువ్వు దెప్పేదానివి. మనవాళ్ళు ఓడని రంగుని బట్టి పోల్చరు, కూతని బట్టి కెప్టెన్ని పోలుస్తారు. పలకరింపుగా మూడు పొడుగు, రెండు పొట్టి అందరూ వేసేదే. కానీ నాన్న మూడో పొడుగుని చివర్లో కొంచెం దించి వదిలేవాడు. అది వినపడగానే నువ్వు చేతిలో పని వదిలేసి ముందు బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టేదానివి. ఓడ నీళ్ళలోకి పొడుచుకొచ్చిన పాయింట్ చుట్టూ తిరిగి రేవులోకి వచ్చి, నాన్న ఇల్లు చేరేసరికి అవి సరిగ్గా ఉడికేవి. ఆగకుండా సాగిపోయే ప్రయాణమైతే దుంపలు మేమే తినేవాళ్ళం.

తరువాత వరండాలోకి పరిగెత్తేదానివి. ఎండాకాలం ఏప్రాన్ ఊపేదానివి. మంచు కురిసే రోజుల్లో తెల్లబట్ట కనపడదని నీ ఎర్ర ఫ్లానెల్ లంగా ఊపేదానివి. పాస్టరుగారి భార్య అది చూసి ఓ నెలపాటు మన ఇంటివైపు రాలేదు.

ఆల్మా వీలర్‌లో మనం గడిపిన వేసవులు గుర్తున్నాయి. నువ్వు వంట చేసేదానివి. సివర్ట్‌ని బల్లకాలికి తాడుతో కట్టేసి రొట్టె పిండి పిసికేదానివి. ఓక్ పలకలు రాత్రంతా కిర్రుమంటుంటే నేను నిద్రపోయేవాణ్ణి కాదు. “ఓడ మాట్లాడుతున్నంతసేపూ భయం లేదురా. మాట్లాడటం మానేస్తే అప్పుడు లే” అనేవాడు నాన్న. ఎక్కడైనా సందుల్లో నీరు ఊరితే బార్నీ బాబాయి రంపపు పొట్టు బకెట్లో పోసుకుని ఓడ పక్కన నీళ్ళలోకి దింపేవాడు. నీటితోపాటు పొట్టు కూడా సందులోకి లాక్కుపోయి బిగుసుకునేది. “చూడరా, పాత ముసలిదానికి ముక్కుపొడుం పెట్టాను. ఇక తుమ్మదు” అనేవాడు. ఆ పొట్టు వాసన, తారు వాసన, నీ ఏలకుల రొట్టె వాసన కలిసి నాకు ఇప్పటికీ ఒకటే వాసన. పట్నంలో ఎక్కడా దొరకలేదు.

ఇక సోమవారం. ఆ రోజు నేను ఇక్కడ లేను. కింద రాసేది మంగళ, బుధవారాల్లో మనుషుల్ని అడిగి తెలుసుకున్నది.

ఓడ బొగ్గు వేసుకుని ఉత్తరానికి వెళుతోంది. ఈశాన్యపు గాలి పొద్దున్నే మొదలైంది. మధ్యాహ్నానికి వెనకవైపు పలకల సందుల్లో కుక్కిన నార ఊడి రావడం మొదలుపెట్టింది. ఆ అలల్లో రంపపు పొట్టు పనిచేయదు. ఉన్నవాళ్ళందరినీ నాన్న పంపుల దగ్గరికి పంపాడు. చుక్కాని పట్టేవాణ్ణి కూడా పంపేశాడు. చుక్కాని గదిలో మిగిలింది నాన్న, పదిహేనేళ్ళుగా ఆయన కింద పనిచేస్తూ ఇప్పుడు చుక్కాని చక్రం పట్టుకున్న బార్నీ బాబాయి. ఒడ్డుకి తోలి ఇసకలో ఎక్కిద్దామని చూశారు. బాయిలర్ల కిందికి నీరు చేరింది. “పంపులు నడవాలంటే ఇంక ఆవిరి లేదు. ఒక్క కూతకి సరిపోతుంది, అంతే” అని ఇంజినీరు కిందనుంచి మాట్లాడే గొట్టంలోంచి అరిచాడు. అప్పటికి ఓడ ఒడ్డుకి మైలున్నర దూరంలో ఉంది. మంచు పడుతోంది. ఒడ్డునుంచి ఏమీ కనపడదు.

ఒడ్డున హోల్కమ్‌గారి రక్షణ దళం సిద్ధంగానే ఉంది. గాలి చూసి ఆయన మధ్యాహ్నమే పడవని బండితో సహా నీటి అంచుకి దింపించాడు. ఆ దళంలో మూడో తెడ్డు వేసేది మన సివర్ట్.

అప్పుడు కూత వినపడింది. మూడు పొడుగు, రెండు పొట్టి. ప్రమాదమైతే ఆగకుండా పొట్టి కూతలు వేస్తారు. ఇది అది కాదు. ఊరంతా విన్నారు. నేను అడిగిన ప్రతి ఒక్కరూ మూడో కూత చివర్లో దిగిందని కూడా చెప్పారు.

“మన అస్మండే” అన్నాడట హోల్కమ్‌గారు. “ఇంటికి పలకరింపు పంపుతున్నాడు. పాయింట్ చాటుకి వెళ్తున్నాడన్నమాట. పడవ వెనక్కి తోయండిరా, చేతులు కాచుకోండి.”

సివర్ట్ నవ్వాడట. “మా నాన్నకి ఇవాళ కూడా దుంపలే” అన్నాడట. ఇది నాకు వాడే చెప్పాడు.

నీ ప్రశ్నకి జవాబు ఇదిగో. ఆ కూతకి జవాబిచ్చింది రాగ్నా అత్త. దుంపలు పొయ్యి మీద పెట్టి, ఎర్ర దుప్పటి పట్టుకుని వరండాలోకి వచ్చింది. “మీ అమ్మ లంగా ఊపితే ఊరికి ముచ్చట. నేను ఊపితే మతి పోయిందంటారు” అని నాతో అంది. పక్కింట్లోంచి డీలియా పిన్ని కూడా తన భర్త బార్నీ కోసం వచ్చింది. ఇద్దరూ ఏమీ కనపడని మంచులోకి నవ్వుతూ చేతులూపారు. “ఇవాళ మీవాడి కూత గట్టిగా ఉంది రాగ్నా, గాలికి కూడా లొంగలేదు” అందట పిన్ని.

ఓడ వెనకభాగం ముందు దిగింది. పదకొండు మందీ చిన్న పడవలోకి ఎక్కారు. గాలి వాళ్ళని ఒడ్డుకే తోసింది. చీకటి పడుతుండగా గస్తీ తిరిగే మనిషి కెరటాల్లో పడవని చూసి కేక వేశాడు. దళం పరిగెత్తింది. రెండో ఇసకమేట దగ్గర పడవ తిరగబడింది. సివర్ట్ మెడలోతు నీళ్ళలోకి వెళ్ళి చేతికందిన మనిషిని కాలర్ పట్టి లాగాడు. ఒడ్డుకి తెచ్చాక చూస్తే నాన్న. బార్నీ బాబాయి వెనక నిలబడి తెడ్డుతో పడవని తిప్పుతున్నాడు. విసురుకి ముందు పడింది ఆయనే. మంగళవారం పొద్దున వాగుకి ఉత్తరాన దొరికాడు.

నేను వచ్చేసరికి ఊరు ఈ సంగతికి ఒక కారణం చెప్పుకుని ఉంది. ఆవిరి చాలక ప్రమాదపు కూత మధ్యలో తెగిపోయింది, గాలి దాన్ని సాగదీసింది, అందుకే పలకరింపులా వినపడింది. డాక్టరు ఇదే చెప్పాడు, పాస్టరు ఇదే చెప్పాడు. ఓడ యజమాని తరఫు మనిషి పంది తొడమాంసం పట్టుకుని వచ్చి, “విచారణలో ఇదే చెప్పండి కెప్టెన్, ఎవరికీ ఇబ్బంది ఉండదు” అన్నాడు. నాన్న అవునని అనలేదు, కాదని అనలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

ఒక్క మనిషికి మాత్రం ఇబ్బంది ఉంది. అంత తుఫానులో ఎలాంటి కూత వినపడినా హోల్కమ్ పడవ దింపి ఉండాల్సిందని విచారణ అధికారులు అంటున్నారు. రేపటి విచారణతో ఆయన ఉద్యోగం పోతుందని దళంలో అందరూ అనుకుంటున్నారు.

నిన్న మధ్యాహ్నం ఆయన మన ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు.

“నువ్వు పేపరువాడిగా ఉన్నావా, అస్మండ్ కొడుకుగా ఉన్నావా? ముందది చెప్పు.”

“కొడుకుగానే లెండి. లోపలికి రండి.”

కూర్చోలేదు. టోపీ తీసి నాన్న ముందు నిలబడ్డాడు. “తప్పు నాదే అస్మండ్. ఎల్లుండి విచారణలో అదే చెప్తా. ఇంకెవడి కూతైనా అయితే అనుమానపడేవాణ్ణి. నీది కాబట్టి నమ్మాను.”

నాన్న తల ఎత్తలేదు. “కాఫీ తాగి వెళ్ళు జెడ్” అన్నాడు. ఆయన తాగలేదు. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

అమ్మా, ఇంతవరకు ఊరికి తెలిసింది రాశాను. ఇక్కడినుంచి రాసేది నాన్న నాతో చెప్పింది. నీకు రాయమని ఆయనే అడిగాడు. తనకి చేతకావడం లేదట. ఇది చదివేటప్పుడు బెర్గిట్‌ని పక్క గదిలో ఉండనివ్వు.

హోల్కమ్‌గారు వెళ్ళిన తరువాత నాన్న పొయ్యిలోకి చూస్తూ అన్నాడు: “ఆ కూత తెగలేదు.”

నాకు మొదట అర్థం కాలేదు.

“గాలి సాగదీయలేదు. ఆవిరి చాలకపోవడం కాదు. పలకరింపే వేశాను హాల్వర్. కావాలనే వేశాను.”

“ఎందుకు?”

“ప్రమాదపు కూత వేస్తే జెడ్ వస్తాడు. రాకుండా ఉండే మనిషి కాదు. ఆ అలల్లో ఆ పడవ మొదటి మేట దాటదు. తెడ్ల మీద ఎవరున్నారో నాకు తెలుసు. అందరూ నేను చిన్నప్పట్నించీ చూసిన పిల్లలే.” పొయ్యి తలుపు మూశాడు. “అది కూడా నిజం కాదు. వాళ్ళ సంగతి తర్వాత తట్టింది. ముందు తట్టింది ఒక్కడే.”

“ఓడలో నువ్వు కాక పది మంది ఉన్నారు నాన్నా.”

“ఉన్నారు. వాళ్ళని అడగలేదు.”

“బార్నీ బాబాయి పక్కనే ఉన్నాడు కదా?”

“చక్రం పట్టుకుని ఉన్నాడు. విన్నాడు. ఏ కూత వేశానో వాడికి తెలీకపోవడమేంటి? నా వైపు చూశాడు. నవ్వి, ‘కెప్టెన్, మీ ఇంట్లో దుంపలు పొయ్యెక్కాయి’ అన్నాడు. అంతే. సరేనన్నాడో, నన్ను తిట్టాడో నాకు తెలీదు. పదిహేనేళ్ళు చూశాను వాడి నవ్వు. అదొక్కటి అర్థం కాలేదు.”

సివర్ట్ ఎప్పుడు వచ్చాడో మేమిద్దరం చూడలేదు. గుమ్మంలో బొగ్గు బకెట్‌తో నిలబడి ఉన్నాడు.

“నన్ను అడగాల్సింది” అన్నాడు.

“మైలున్నర దూరంనించి ఎలా అడగనురా?”

“కూత వేసి అడగాల్సింది! అందుకే కదా అది ఉంది! రావాలో వద్దో నేను చూసుకునేవాణ్ణి. నా పని అదే కదా నాన్నా. ఊళ్ళో అందరి కొడుకుల కోసం నేను నీళ్ళలోకి వెళ్తా, నా కోసం నువ్వు బాబాయిని...”

బకెట్‌ని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“బాబాయిని నేను తెచ్చేవాణ్ణి” అన్నాడు చివరికి.

“తెచ్చేవాడివేమో” అన్నాడు నాన్న. “నేను ఇద్దర్నీ పోగొట్టుకునేవాణ్ణేమో. నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఎవర్నీ అడక్కుండా నేనే తేల్చేశానని.”

సివర్ట్ బకెట్ అక్కడే పెట్టి బయటికి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగి వచ్చి ఆ బొగ్గు పొయ్యిలో తనే వేశాడు. నాన్న పక్కన కూర్చోలేదు, ఇంట్లోంచి వెళ్ళిపోనూ లేదు.

నేను తరువాత రేవుకి వెళ్ళి, ఎవరికీ కారణం చెప్పకుండా ఒకటే అడిగాను: సోమవారం నాలుగింటికి ఆ పడవ మైలున్నర వెళ్ళి రాగలిగేదా? హోల్కమ్‌గారు వెళ్ళగలిగేదన్నారు. నలభై ఏళ్ళుగా ఇక్కడ వల వేస్తున్న జాలరి ఫ్రెంచి లాపోర్ట్ పిచ్చివాడు కూడా దింపడన్నాడు. సివర్ట్‌ని అడిగితే, “నా కళ్ళకి అప్పుడు మంచు తప్ప ఏం కనిపించింది అన్నయ్యా?” అన్నాడు. ముగ్గురికీ ఆ నీళ్ళు తెలుసు. పత్రికలో వేయదగ్గ జవాబు ఇందులో లేదు.

నిన్న రాత్రి నేను మా పత్రికకి పంపిన వార్తలో, ‘కూత సంగతి విచారణలో తేలవలసి ఉంది’ అని రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ నాకు తెలిసినది ఇన్నేళ్ళలో మొదటిసారి దాచాను. నువ్వు పత్రిక తెప్పించుకుని చదివితే ఆ వాక్యం దగ్గర ఆగుతావని తెలుసు. అందుకే ముందే చెప్తున్నాను.

నాన్న నోరు విప్పకపోతే ఇది ఎప్పటికీ బయటికి రాదు. ఆ గదిలో ఉన్న రెండో మనిషి లేడు. ఇంజినీరుకి కూత వినపడింది గానీ, పైన ఎవరు ఏమనుకున్నారో తెలియదు. నాన్న తల ఊపితే చాలు, లైసెన్సు నిలబడుతుంది, ఊళ్ళో గౌరవం నిలబడుతుంది, వచ్చే వసంతంలో ఇంకో ఓడ దొరుకుతుంది. పోయేది హోల్కమ్‌గారి ఉద్యోగం. నిజం చెబితే ఇటువైపు అన్నీ పోతాయి. అవన్నీ కాదు ఆయన భయం. బార్నీ బాబాయిని వాళ్ళింటి ముందుగదిలో పడుకోబెట్టి రెండు రోజులైంది. ఊరంతా వెళ్ళి కూర్చుని వచ్చారు. నాన్న మాత్రం మన రెండిళ్ళ మధ్య సందు దాటలేదు. దుఃఖమని అందరూ అనుకుంటున్నారు.

ఇవాళ పొద్దున డీలియా పిన్ని అత్తతో కబురు పంపింది. “అస్మండ్ ఎందుకు రాడు? కాళ్ళు విరిగాయా? శవపెట్టె ముందువైపు కుడిపక్క తనే పట్టుకోవాలి. ఇంకెవడు పట్టుకున్నా బార్నీ ఒప్పుకోడు.” అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదు.

నాన్న లేచి నిలబడ్డాడు. “విచారణలో చెప్తాను” అన్నాడు. “కానీ డీలియా నలుగురి నోటా వినకూడదు. ముందు తనకి చెప్తాను. నువ్వు నాతో రా హాల్వర్. పుస్తకం, పెన్సిలు ఇంట్లో పెట్టి రా” అన్నాడు. సివర్ట్ కిటికీ దగ్గరనుంచే, “నేనూ వస్తా” అన్నాడు. ఎందుకని నాన్న అడగలేదు.

నువ్వు బయలుదేరి రావద్దని నాన్న అంటున్నాడు. రావాలని అత్త అంటోంది. బెర్గిట్ పరిస్థితి నీకు తెలుసు, నీ మనసు నీకు తెలుసు. నేను ఏదీ చెప్పను. చెల్లెలికి నా ఆశీస్సులు. బిడ్డ పుట్టగానే టెలిగ్రాం ఇవ్వు. మంచి వార్త కోసం ఈ ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు.

రేపు ఎనిమిదింటికి ముగ్గురం డీలియా పిన్ని ఇంటికి వెళ్తాం. పదింటికి న్యాయస్థానం మేడ మీద విచారణ. మొదట పిలిచే సాక్షి నాన్న. అది ముగిశాక నా వార్త తంతి మీద వెళ్తుంది, ఈసారి అంతా ఉంటుంది. ఎల్లుండి శనివారం తొమ్మిదింటికి బార్నీ బాబాయి అంత్యక్రియలు. పెట్టె మోసేవాళ్ళ పేర్లు పిన్ని ఫాదరుగారికి చెప్పేసింది. ముందువైపు కుడిపక్క ఇప్పటికైతే నాన్న పేరే ఉంది.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
హాల్వర్